బొమ్మ పడిందా, అల్లుడూ?

తపాలా బిళ్ళంత వస్తువు. దాని మీద నాలుగు అంకెలు, మూడు అక్షరాలు. వాటిని సరిగ్గా చదవడం రాక నేను పోగొట్టుకున్నదేమిటో చెబుతాను, వినండి. మీలో కెమెరా కొన్నవాళ్ళున్నారు. కొనబోయేవాళ్ళున్నారు. స్నేహితుడి కెమెరా అరువు తెచ్చుకుని, షార్ట్‌ఫిల్మ్ ఒకటి తీసేసి, రేపో మాపో కృష్ణానగర్‌లో దిగిపోదామనుకునేవాళ్ళయితే లెక్కే లేదు! మీకోసమే ఈ కబురు. నేను కట్టిన జరిమానా మీరు కట్టకుండా వుంటే అదే పదివేలు.

ముందు మా మామయ్య సంగతి చెప్పాలి.

మామయ్య మా అమ్మకి పెద్దన్నయ్య. గుంటూరు జిల్లాలో మా వూరి టాకీసులో ఆపరేటరు. 1974లో చేరాడు. ఆయన హీరో కాదు, డైరెక్టరు అసలే కాదు. అయినా మా వూళ్ళో ఆయన చెయ్యి పడందే ఏ హీరో తెరమీదికి వచ్చింది లేదు! ఇంటర్వెల్‌లో అందరూ సోడాల కోసం పరుగెడుతుంటే నేను మాత్రం ఇనప మెట్లెక్కి కేబిన్‌లోకి దూరేవాణ్ణి. లోపల వేడి, నూనె వాసన, రెండు ప్రొజెక్టర్లు. ఒకదాంట్లో రీలు అయిపోవస్తుంటే రెండోది సిద్ధంగా వుండాలి. తెరమీద కుడివైపు పైమూల ఒక చుక్క మెరవగానే మోటారు ఆన్, రెండో చుక్కకి మార్పు. కిందున్న వెయ్యిమందికి ఆ సంగతి తెలియకూడదు. తెలిసిందంటే ఈలలే!

వెయ్యి అడుగుల రీలంటే పదకొండు నిమిషాల బొమ్మ. నిమిషానికి 90 అడుగులు, సెకనుకి 24 ఫ్రేములు. చిన్నప్పుడు నాకు ఎక్కాలకన్నా ముందు వచ్చిన లెక్క అది.

2011లో మా టాకీసుకీ డిజిటల్ వచ్చింది. రీళ్ళ పెట్టెలు రావడం ఆగిపోయింది. సినిమా ఉపగ్రహం మీదనుంచో, హార్డ్‌డిస్కులోంచో దిగడం మొదలుపెట్టింది. మామయ్యకి మీట నొక్కడం తప్ప పని లేకపోయింది. పాత ప్రొజెక్టర్లు రెండూ కేబిన్ మూల దుప్పటి కప్పుకుని కూర్చున్నాయి. 2017 దసరాకి టాకీసు మూసేస్తున్నారనీ, కల్యాణమండపం కడతారనీ కబురొచ్చింది. పాత యంత్రాలు పాతసామాన్లవాడికి తూకానికి ఇచ్చేస్తారట.

అప్పటికి నేను హైదరాబాద్‌లో చిన్న వుద్యోగంలో వున్నాను. కెమెరా పిచ్చి కొత్తగా పట్టింది. ఫోర్‌కె తీసే కెమెరా వాయిదాల మీద కొన్నాను. ఇంకేం! మామయ్య మీద డాక్యుమెంటరీ తీసేద్దామనుకున్నాను. మామయ్య చేత చివరిసారి ఆర్క్ లైటు వెలిగించి, రీలు ఎక్కించి, తెరమీద బొమ్మ పడే దాకా అంతా తీసెయ్యాలి. మీరెవరూ చూడనిది, ఇక చూడబోనిది!

ఫోన్ చేస్తే మామయ్య, "రెండు కార్బన్ ముక్కలు దాచిపెట్టారా, పేపర్లో చుట్టి. అవి అయిదారు నిమిషాలు వెలుగుద్ది. అంతకన్నా లేదు. మరి నీ ఇష్టం" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, మెమరీ కార్డు కొనలేదని.

ఇక్కడే నా తెలివి వెలిగింది. కెమెరా కాగితాల్లో "100" అని వుంది. ఫోర్‌కె వీడియో సెకనుకి వంద మెగాబిట్లు. సిటీలో ఒక బడ్డీకొట్టులో వేలాడుతున్న కార్డు మీద కూడా "100" అని వుంది. రెండు వందలూ సరిపోయాయి కదా! పైగా 128 జీబీ. ధర అడిగితే నాలుగు వందలన్నాడు. పెద్ద షాపులో ఇదే కొలత కార్డు వేలల్లో వుందని తెలుసు. తెలిసీ, ఎంత బాగా బేరమాడాననుకున్నాను. వాయిదాలు కట్టుకునేవాడికి నాలుగు వందలన్న మాట చెవికి ఇంపుగా వినపడుతుంది మరి!

* * *

ఆఖరి ఆట అయిపోయిన మర్నాడు వుదయం వెళ్ళాను. ముందు బయటి షాట్లు. బుకింగ్ కన్నం, సైకిల్ స్టాండు, పాత పోస్టర్ల చినుగులు మిగిలిన గోడ, నేల తరగతి గుమ్మం. ఒక్కోటి అరనిమిషం, ముప్పావు నిమిషం. కెమెరా బ్రహ్మాండంగా పనిచేసింది. అలా పది నిమిషాల సరుకు తీసి కేబిన్‌లోకి ఎక్కాను.

మామయ్య తెల్లచొక్కా వేసుకుని వున్నాడు. మామూలుగా కేబిన్‌లోకి ఖాకీ చొక్కాతో వచ్చే మనిషి! యంత్రం దుప్పటి తీసి, తుడిచి, నూనె వేసి వుంచాడు. ఎప్పుడో తెగి మిగిలిపోయిన రీలు ముక్క ఎక్కించాడు. కార్బన్ ముక్కలు బిగించి, రెండు కొసలూ తాకించి, చటుక్కున ఎడం చేశాడు. సర్రుమంది. కేబిన్ గోడలన్నీ తెల్లగా అయిపోయాయి. నల్లద్దంలోంచి ఆ మంట చూస్తూ మామయ్య మాట్లాడడం మొదలుపెట్టాడు. ఆ మంటని ఎలా కాపాడుకోవాలో, రాడ్లు అరుగుతుంటే ఎడం ఎలా సర్దాలో, కార్బన్ దగ్గర కక్కుర్తి పడితే తెరమీద హీరో మొహం ఎలా నల్లబడుతుందో...

కెమెరా ఆగిపోయింది. కార్డు వేగం చాలడం లేదని తెరమీద ఒక వాక్యం.

మళ్ళీ నొక్కాను. ఒక నిమిషం నడిచింది. మళ్ళీ ఆగింది.

"ఏరా, తిరుగుతోందా?"

"ఒక్క నిమిషం మామయ్యా!"

"కార్బన్‌కి నిమిషాలు లేవురా. త్వరగా కానియ్యి."

మూడోసారి నొక్కేసరికి మామయ్య మోటారు వేశాడు. కింద ఖాళీ హాల్లో తెరమీద బొమ్మ పడింది. ఎవరో హీరోయిన్ మెట్లు దిగుతోంది, ఎండిపోయిన రంగుల్లో. మామయ్య కిటికీలోంచి చూస్తున్నాడు. నేను మామయ్య మొహం తీస్తున్నాను. ఈసారి ఆగలేదు. ముక్కలు ముక్కలుగానైనా అంతా దొరికిందని సంబరపడ్డాను. కార్బన్ అయిపోయింది. మంట పిట్టలా ఒకసారి కొట్టుకుని ఆరిపోయింది.

హైదరాబాద్ వచ్చి కార్డు కంప్యూటర్లో పెట్టాను. ఫైళ్ళన్నీ వున్నాయి. పేర్లున్నాయి, సైజులున్నాయి. బుకింగ్ కన్నం వచ్చింది. సైకిల్ స్టాండు వచ్చింది. గోడ వచ్చింది. నేల తరగతి గుమ్మం వచ్చింది. ఆ తరవాతి ఫైలు తెరుచుకోలేదు. దాని తరవాతిదీ అంతే. కేబిన్‌లో తీసినది ఒక్కటంటే ఒక్క ఫైలు తెరుచుకోలేదు.

ఆ రాత్రే మామయ్యకి ఫోన్ చేశాను. యంత్రాలు వున్నాయేమో, ఎక్కడైనా కార్బన్ దొరుకుతుందేమో... "పొద్దున్నే బండి వచ్చి ఎక్కించుకుపోయిందిరా. ఏం, ఎందుకు?" అన్నాడు. ఏమీ లేదని పెట్టేశాను. చెప్పే ధైర్యం రాలేదు.

* * *

నాకొక స్నేహితుడున్నాడు. షూటింగుల్లో కార్డులు ఖాళీచేసి హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించే పని. పాతకాలంలో ఎక్స్‌పోజ్ చేసిన నెగెటివ్ డబ్బాలు ల్యాబ్‌కి మోసుకెళ్ళిన వాళ్ళ వారసుడన్నమాట. కృష్ణానగర్ టీకొట్టులో కార్డు వాడి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడావు" అన్నాడు. సాయంత్రం వాడి గదిలో ఒక ప్రోగ్రాంతో పరీక్ష చేశాడు. కార్డు నిండా ఏదో ఒకటి రాసి, రాసింది రాసినట్టు తిరిగి వస్తుందో లేదో చూసే ప్రోగ్రాం.

128 జీబీ అని అచ్చేసిన ఆ కార్డులో అసలున్నది 8 జీబీ!

ఎలాగంటారా? ఈ కార్డుల్లో జ్ఞాపకం దాచే చిప్పు ఒకటి, దాన్ని నడిపే చిన్న మెదడు ఒకటి వుంటాయి. దొంగ కార్డులో ఆ మెదడుకి అబద్ధం నేర్పుతారు. కెమెరా "ఎంత చోటుంది?" అని అడిగితే "నూట ఇరవై ఎనిమిది" అంటుంది. ఉన్న ఎనిమిదీ నిండాక కూడా "పంపించు, పంపించు" అంటూనే వుంటుంది. వచ్చింది వచ్చినట్టు గాల్లో కలిపేస్తుంది. జాబితాలో పేరు మాత్రం రాసుకుంటుంది. అందుకే ఫైళ్ళు కనిపించాయి, తెరుచుకోలేదు.

సెకనుకి వంద మెగాబిట్లంటే పన్నెండున్నర మెగాబైట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కెమెరా వాళ్ళు వీడియోని బిట్లలో చెబుతారు, కార్డు వాళ్ళు వేగాన్ని బైట్లలో చెబుతారు. నేను రెండు వందల్నీ ఒకటే అనుకున్నాను! ఆ లెక్కన 8 జీబీ పది నిమిషాల పైచిలుకుకి సరి. మామయ్య భాషలో చెప్పాలంటే ఒక్క రీలు. ఆ ఒక్క రీలూ నేను బుకింగ్ కన్నానికీ సైకిల్ స్టాండుకీ ఖర్చు చేశాను.

"సరే, చోటు సంగతి అది. మరి ఆగాగిపోవడం ఎందుకు?" అన్నాను. అప్పుడు వాడు చెప్పిన పాఠం ఇప్పటికీ కంఠతా వచ్చు.

కార్డు మీద పెద్ద అక్షరాలతో వేసే అంకె వుందే, 100, 170, 200... అది చాలామటుకు చదివే వేగం. అంటే కార్డులోంచి కంప్యూటర్‌లోకి తీసుకునేటప్పటిది. పైగా "ఇంతదాకా పోగలదు" అనే గొప్ప. రాసే వేగం అంతకన్నా తక్కువ. వీడియో తీసేవాడికి కావలసింది "ఇంతకన్నా తగ్గదు" అనే హామీ. ఆ హామీ చిన్న గుర్తుల్లో వుంటుంది. ఇంగ్లీషు సి అక్షరంలో 10 అని వుంటే సెకనుకి కనీసం 10 మెగాబైట్లు రాస్తుంది. యు అక్షరంలో 1 వుంటే 10, 3 వుంటే 30. వి అక్షరం పక్కన 30 వుంటే 30, 60 వుంటే 60, 90 వుంటే 90. అంతే. ఇందులో బ్రహ్మవిద్య లేదు!

నా కార్డు మీద క్లాస్ 10 అని వుంది. అది నిజమే అయినా పదికే హామీ. నా కెమెరా పంపేది పన్నెండున్నర. చిన్న షాట్లలో ఎందుకు ఆగలేదంటే, కెమెరా లోపల కొంచెం సొంత జ్ఞాపకం వుంటుంది. బఫర్ అంటారు. కార్డు వెనకబడితే కాసేపు అది మోస్తుంది. షాట్ పొడుగయ్యేసరికి బఫర్ నిండిపోతుంది. ఆగిపోతుంది.

"ఫోటోలు మాత్రమే తీసేవాళ్ళకి ఈ గోల లేదుగా?" అన్నాను. వాళ్ళకీ వుందన్నాడు. ఒక్కొక్క ఫోటో తాపీగా తీసుకునేవాడికి మామూలు కార్డు చాలు. క్రికెట్ మ్యాచ్‌లోనో, పెళ్ళిలో తలంబ్రాల దగ్గరో సెకనుకి ఎనిమిది చొప్పున రా ఫోటోలు లాగితే, ఒక్కోటి 25 మెగాబైట్లనుకున్నా సెకనుకి 200 అయింది. బఫర్ నిండాక కెమెరా నత్తనడక నడుస్తుంది. అప్పుడు పెళ్ళికూతురు నవ్వినా మీకు దొరకదు.

* * *

మర్నాడు కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళాం. పశ్చాత్తాపంలో వున్న మనిషి చేతికి పర్సు ఇవ్వకూడదంటారు. నిజం. నేను నేరుగా అన్నిటికన్నా వేగమైన కార్డు చూపించమన్నాను. షాపాయన వి-90 కార్డు తీసి గాజుబల్ల మీద పెట్టాడు. వెనక పిన్నులు రెండు వరసలున్నాయి. ధర చెబితే గుండె గుభేలుమంది. అయినా ఇచ్చెయ్యమన్నాను. తప్పు చేసినవాడికి ఖరీదైన ప్రాయశ్చిత్తమే నచ్చుతుంది!

స్నేహితుడు నా చెయ్యి పట్టుకున్నాడు. "నీ కెమెరా కార్డు పెట్టే చోట రెండో వరసకి తాకే పిన్నులున్నాయా?"

లేవు. కార్డు మీద ఒకటో రెండో రోమన్ అంకె వుంటుంది చూడండి, అది దారి వెడల్పు. ఒకటి అంటే సెకనుకి 104 మెగాబైట్ల దాకా పోయే దారి. రెండు అంటే 312 దాకా. రెండు అని వున్న కార్డుని ఒకటో రకం కెమెరాలో పెడితే పనిచేస్తుంది గానీ ఒకటో రకం వేగంతోనే. అంటే రేసు కారు కొనుక్కుని సందులో నడపడం! సెకనుకి 400 మెగాబిట్ల వీడియో తీసే కెమెరా అయితే 50 మెగాబైట్లు కావాలి. అప్పుడు వి-60 కొనాలి. నా పన్నెండున్నరకి వి-30 ధారాళంగా చాలు. 200 మెగాబిట్లకైనా చాలు, అవి పాతికే కదా.

ఇంకో గుర్తు కూడా చూపించాడు. ఏ-1, ఏ-2 అని. అవి ఫోన్లో యాప్‌లు నడపడానికి పనికొచ్చేవి. కెమెరాకి వాటితో పని లేదు. వాటి కోసం ఎక్కువ డబ్బు ఇవ్వక్కర్లేదు.

ధరల లెక్క కూడా వాడే నేర్పాడు. ముందు మీ కెమెరాకి కావలసిన గుర్తు దగ్గర ఒక గీత గియ్యాలి. గీతకి కిందున్నది ఎంత చవకైనా వద్దు. గీతకి చాలా పైనున్నది ఎంత గొప్పదైనా వద్దు. గీత మీద నిలబడ్డ కార్డుల్లో ధరని జీబీలతో భాగించి చూడాలి. మరీ చిన్న కార్డుల్లోనూ, అప్పుడే వచ్చిన మరీ పెద్ద కార్డుల్లోనూ జీబీకి ఎక్కువ పడుతుంది. మధ్య కొలతల్లో గిట్టుబాటు. మరి పేరున్న కంపెనీ 128 ధర ఇంతుంటే, అదే పేరుతో ఎవరో పదో వంతుకి ఇస్తున్నాడంటే? అది బేరం కాదు, కబురు! విని వెళ్ళిపోవాలి.

నేను 64 జీబీ వి-30 కార్డులు రెండు తీసుకున్నాను. ఒక్కోటి రెండు వేల పైచిలుకు పడింది అప్పట్లో. ఈ వస్తువుల ధర స్థిరంగా వుండదు, ఏడాదికోలా ఎక్కుతుంది, దిగుతుంది. మీరు కొనే రోజు ధర మీరే చూసుకోండి, లెక్క మాత్రం ఇదే. 128 ఒకటి కొనకుండా 64లు రెండెందుకంటే, ఒకటి పాడైనా రెండోది దక్కుతుంది. నా వీడియో లెక్కన 64 జీబీ అంటే 85 నిమిషాలు, ఏడున్నర రీళ్ళు. ఒక రోజు పనికి అంతకన్నా ఏం కావాలి!

ఇంటికెళ్ళగానే రెండు కార్డుల్నీ అంచుదాకా నింపి పరీక్ష చేశాం. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 అని వుచిత ప్రోగ్రాములున్నాయి. గంటో రెండు గంటలో పడుతుంది. 64 అని రాసి కంప్యూటర్‌లో 59 పైచిలుకు చూపిస్తే కంగారు పడకండి. అది మోసం కాదు, వెయ్యితో లెక్కపెట్టడానికీ 1024తో లెక్కపెట్టడానికీ వున్న తేడా. కార్డుని ఫార్మాట్ చెయ్యడం మాత్రం కెమెరాలోనే చెయ్యండి. ఫుటేజి రెండుచోట్ల కాపీ అయ్యాకనే చెయ్యండి.

* * *

2018 సంక్రాంతికి వూరెళ్ళాను. మామయ్య అరుగు మీద కూర్చుని వున్నాడు. పాదాల దగ్గర కూర్చుని మొత్తం చెప్పేశాను. నాలుగు వందలు, ఎనిమిది జీబీలు, పన్నెండున్నర, పది... ఏమీ దాచలేదు. తిడతాడనుకున్నాను. కాసేపు వీధిలోకి చూస్తూ వూరుకున్నాడు.

"అంటే నీ కార్డు మన సైకిలు కుర్రాడన్నమాట" అన్నాడు.

నాకర్థం కాలేదు.

"అప్పట్లో మనకీ పక్కూరి టాకీసుకీ కలిపి ఒకటే ప్రింటురా. ఇక్కడ రీలు అయిపోగానే డబ్బాలో పెట్టి కుర్రాడి సైకిలు మీద పంపాలి. కాలవగట్టు మీద నాలుగు మైళ్ళు. వాడు బండి దౌడు తీయించగలడు, పందెంలో ఫస్టు కూడా వచ్చాడు. నేనేం చేసుకోను వాడి ఫస్టుని? నాక్కావలసిందల్లా ఎండైనా వానైనా ప్రతి రీలూ టయానికి అక్కడుండాలి. ఒక్కసారి పంచరైతే చాలు, ఇక్కడ డబ్బాలు పేరుకుపోతాయి, అక్కడ తెరమీద స్లైడు పడుద్ది, జనం కుర్చీలు ఇరగ్గొడతారు. తరవాత ఇంకోణ్ణి పెట్టుకున్నాం. నిదానస్తుడు. ఒక్క రోజు కూడా ఆట ఆపలేదు. వాడికి రూపాయి ఎక్కువే ఇచ్చేవాళ్ళం."

గుజరాతీ గల్లీలో రెండు గంటలు నేర్చుకున్న పాఠం మామయ్య కాలవగట్టు మీద రెండు నిమిషాల్లో చెప్పేశాడు!

"మరి ఇప్పుడేం తెచ్చావు?" అన్నాడు. చూపించాను. అరచేతిలో పెట్టుకుని, కళ్ళజోడు పైకెత్తి, దాని మీద అంకెలు చదివాడు.

"ఇందులో ఎన్ని రీళ్ళు పడతయ్?"

"ఏడున్నర."

"ఇంటర్వెల్ దాకా వచ్చేసిందన్నమాట" అని నవ్వాడు. తరవాత లేచి లోపలికి వెళ్ళి, పాత ఖాకీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. "పెట్టు నీ కెమెరా" అన్నాడు.

"యంత్రం లేదుగా మామయ్యా!"

"ముప్ఫై ఏడేళ్ళు ఎక్కించానురా. యంత్రం ఎందుకు?"

పెరట్లో జామచెట్టు కింద నిలబడ్డాడు. ఎదురుగా ఏమీ లేదు. చెయ్యి చాపి లేని తలుపు తెరిచాడు. లేని కార్బన్ రాడ్లు బిగించాడు. కొసలు తాకించి ఎడం చేసి, కళ్ళు చికిలించి తల పక్కకి తిప్పుకున్నాడు. అప్రయత్నంగా నేనూ తిప్పుకున్నాను! పైన రీలు పెట్టాడు. కొస లాగి చక్రం మీదికి తెచ్చాడు. "ఇక్కడ లూపు వదలాలి, లేకపోతే తెగుద్ది" అన్నాడు. గేటు మూశాడు. కింద చక్రం, సౌండు డ్రమ్ము, అడుగు రీలు. వేళ్ళు ఎక్కడా తడుముకోలేదు. చెబుతూనే వున్నాడు, చేతులు తిరుగుతూనే వున్నాయి. మొదటి రోజు కేబిన్‌లో చెయ్యి కాల్చుకున్న సంగతి, వంద రోజులాడిన సినిమాకి ప్రింటు మీద వానగీతలు పడి హీరోయిన్ ఎప్పుడూ వర్షంలో వున్నట్టే కనిపించిన సంగతి, డిజిటల్ వచ్చిన రోజు ఎవరికీ చెప్పకుండా కేబిన్‌లో ఒక్కడే కూర్చున్న సంగతి. ఆ ఆఖరి మాట దసరానాడు చెప్పలేదు నాకు.

ఇరవై ఆరు నిమిషాలు. కెమెరా ఒక్కసారి కూడా ఆగలేదు.

మోటారు ఆపినట్టు చెయ్యి దించి, మామయ్య నా వైపు చూశాడు. చెమట పట్టింది ఆయనకి.

"బొమ్మ పడిందా, అల్లుడూ?"

వెంటనే జవాబు చెప్పలేదు. ఒకసారి నోరు కాలినవాణ్ణి కదా! కెమెరాలోనే మొదటినుంచి చివరిదాకా వేసి చూశాను. మామయ్య నా భుజం మీదనుంచి వంగి చూస్తున్నాడు. అంతా వుంది. చేతులున్నాయి, మాటలున్నాయి, జామచెట్టు నీడ వుంది. లేనిదల్లా యంత్రమొక్కటే. అది కూడా ఎక్కడో కనబడుతున్నట్టే వుంది.

"పడింది మామయ్యా" అన్నాను.

"అయితే లైట్లెయ్యమను" అన్నాడు మామయ్య, చొక్కా గుండీలు విప్పుకుంటూ.